పెంపుడు ఊసరవెల్లికి ఎముకలు, కీళ్ళ జబ్బులు: గుర్తించడం, వైద్యం చేయించడం, ఇంట్లో సరిదిద్దుకోవడం

ఊసరవెల్లి మోచేయి దగ్గర వాపు కనిపించగానే చాలామంది మొదట చేసే పని, మేతగా వేసే పురుగుల మీద కాల్షియం పొడి రెట్టింపు చల్లడం. ఆ వాపు కాల్షియం లోపం వల్ల వచ్చిందైతే పొడి ఒక్కటే సరిపోదు. గౌట్ (కీళ్ళలో యూరిక్ యాసిడ్ పేరుకునే జబ్బు) వల్ల వచ్చిందైతే పొడి వల్ల ఏ ఉపయోగమూ ఉండదు, పైగా విలువైన రోజులు పోతాయి. కీలులో చీము పట్టిందైతే ఆలస్యమైన కొద్దీ ఎముక తినేస్తుంది. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి, మూడింటికీ వైద్యం వేరు. అందుకే ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి, మందు ఆ తర్వాత.

ఇది ముఖ్యంగా అమెరికా లాంటి చోట్ల పిల్లల ముచ్చట కోసం వీల్డ్ కమేలియన్, పాంథర్ కమేలియన్ అనే ఊసరవెల్లి జాతుల్లో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకున్న తెలుగు కుటుంబాల కోసం రాస్తున్నాను. వీల్డ్ సొంత ఊరు యెమెన్, నైరుతి సౌదీ అరేబియా. పాంథర్‌ది మడగాస్కర్. మన పల్లెల్లో కంచెల మీద కనిపించే ఊసరవెల్లి సంగతి వేరు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. దాన్ని పట్టుకుని పెంచడం నేరం. రోడ్డు మీద దెబ్బ తగిలి కనిపిస్తే అటవీ శాఖకు కబురు చేయండి, ఇంట్లో వైద్యం చేయబోకండి.

అసలు ఎముక ఎందుకు మెత్తబడుతుంది

ఊసరవెల్లి తినే క్రికెట్ పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆహారంలో కాల్షియం ఫాస్ఫరస్‌కి దాదాపు రెట్టింపు ఉండాలి. పురుగుల్లో లెక్క తలకిందులుగా ఉంటుంది. ఆ లోటును పొడితో పూడ్చినా, పేగుల నుంచి రక్తంలోకి కాల్షియం సరిగా చేరాలంటే విటమిన్ డీ3 కావాలి. ఆ డీ3 చర్మంలో తయారవడానికి ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు, ఒంట్లో తగినంత వేడి రెండూ ఉండాలి. తర్వాత కాలేయం, కిడ్నీలు దాన్ని పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. ఈ వరుసలో ఎక్కడ తెగినా రక్తంలో కాల్షియం పడిపోతుంది.

గుండె, కండరాలు, నరాలు కాల్షియం లేకుండా పనిచేయలేవు. అందుకని పారాథైరాయిడ్ గ్రంథి రంగంలోకి దిగి ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తుంది. ఖాళీ అయిన చోట గట్టి ఎముక బదులు పీచులాంటి కణజాలం నిండుతుంది. చాలామంది గమనించని విషయం ఒకటుంది: కాళ్ళు లావెక్కి బలిసినట్టు కనిపించడం కొన్నిసార్లు ఈ జబ్బే. సన్నగా ఉండాల్సిన ముంజేయి ఉబ్బినట్టు కనిపిస్తే 'బాగా తింటోంది' అని సంతోషించకండి. దీన్ని వాడుకలో ఎంబీడీ, అంటే మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. ఏడాది లోపు ఊసరవెల్లి పిల్లల్లో, గుడ్లు పెట్టే ఆడవాటిలో ఎక్కువ.

మొదటి మెట్టు: చేతులు పెట్టకుండా చూడటం

ఊసరవెల్లి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఎముక వంకర పోయిందంటే జబ్బు మొదలై చాలా రోజులైనట్టు. అంతకంటే ముందే బయటపడేవి నడక, పట్టు, నాలుక. వారానికోసారి పది నిమిషాలు కూర్చుని ఈ మూడూ చూడండి. ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది, పాత వీడియో పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

నడక: ఆరోగ్యంగా ఉన్నది పొట్టను కొమ్మకు ఆనించదు. ఒళ్ళు పైకి లేపి, ఊగుతూ, ఒక్కో కాలు తీసి వేస్తుంది. పొట్ట కొమ్మ మీద ఈడుస్తున్నా, మోచేతులు పక్కలకు పొడుచుకొచ్చినా, ఎప్పుడూ పై కొమ్మల్లో ఉండేది కేజ్ అడుగున కూర్చున్నా అనుమానించాలి.

పట్టు: దాని పాదం పటకారులా రెండు పాయలుగా ఉంటుంది. ముందు పాదంలో లోపలి వైపు మూడు వేళ్ళు, బయటి వైపు రెండు. వెనక పాదంలో ఇది తిరగబడుతుంది. రెండు పాయలూ కొమ్మను గట్టిగా బిగించాలి. పాదం కొమ్మ మీద ఊరికే ఆనించి పెట్టడం, కొమ్మ దొరక్క గాల్లో తడుముకోవడం, ఒక పాదంతో తన సొంత కాలినే పట్టుకుని వదలకపోవడం, ఇవన్నీ బలహీనత గుర్తులు. చివరిదాన్ని చూసి అలవాటు అనుకుంటారు. ఒకటి రెండుసార్లయితే పట్టించుకోనక్కర్లేదు, రోజూ చేస్తుంటే పట్టించుకోవాలి.

నాలుక: మామూలుగా ఒంటి పొడవు కంటే దూరం వెళ్తుంది. గురి చూసి నోరు తెరిచి, నాలుక సగం బయటికి వచ్చి ఆగిపోతే కాల్షియం తగ్గి కండరం పనిచేయడం లేదని అనుమానం. నాలుకకు దెబ్బ తగిలినా, విటమిన్ ఏ లోపించినా, నోట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే అవుతుంది. కాబట్టి ఇది ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి.

తర్వాత ఆకారం. పక్క నుంచి చూసినప్పుడు మూసిన నోటి గీత చక్కగా కలవాలి. సందు కనిపించినా, కింది దవడ బయటికి వంగినా ఎముక మెత్తబడుతోంది. వీల్డ్ తల మీది టోపీ ఒక పక్కకు ఒరగడం కూడా అదే కోవలోది. పై నుంచి చూస్తే వెన్ను తిన్నగా ఉండాలి, మెలికలు కనిపించకూడదు. దవడ మెత్తగా ఉందో లేదో చేత్తో నొక్కి చూడమని కొందరు చెబుతారు. ఆ పని చేయకండి. మెత్తబడిన దవడ ఆ ఒత్తిడికే విరగొచ్చు. నోరు తెరవడానికి చెంచా, స్క్రూడ్రైవర్ లాంటి లోహపు వస్తువులూ వాడకూడదు.

వంటింటి డిజిటల్ త్రాసు మీద వారం వారం బరువు చూసి రాసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

రెండో మెట్టు: వాపు ఏ రకందో అంచనా వేయడం

ఎంబీడీలో మార్పు సాధారణంగా ఒళ్ళంతా ఉంటుంది. ఒక కాలే కాదు, రెండు ముంజేతులూ విల్లులా వంగడం, దవడ, పక్కటెముకలు, వెన్ను అన్నీ ఎంతో కొంత మారడం కనిపిస్తుంది. వాపు కీలు దగ్గర కంటే ఎముక పొడవునా ఎక్కువ.

గౌట్ ఎక్కువగా పెద్దవాటి జబ్బు. కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని బయటికి పంపలేకపోతే అది స్ఫటికాలై కీళ్ళలో పేరుకుంటుంది. మణికట్టు, చీలమండ, వేళ్ళ కీళ్ళ దగ్గర గట్టి బొడిపెలు వస్తాయి, కొన్నిసార్లు చర్మం కింద తెల్లగా, పసుపుగా మెరుస్తాయి. నొప్పి చాలా ఎక్కువ. కదపబోతే నోరు తెరిచి బెదిరిస్తుంది, ఒంటి రంగు నల్లబడుతుంది. కళ్ళు లోపలికి పోయి, మలంతో పాటు వచ్చే తెల్ల ముద్ద నారింజ రంగులోకి మారితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. గౌట్‌కు దారితీసే వాటిలో ముఖ్యమైనది అదే. మితిమీరి మేపడం, చిట్టెలుకలు పెట్టడం దాన్ని ఇంకా తొందరపెడతాయి. కిడ్నీలకు భారమయ్యే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు గతంలో వాడి ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇదే స్ఫటికాలు గుండె పొర మీద, కాలేయంలో పేరుకునే రకం కూడా ఉంది. అది పైకి కనపడదు.

ఇన్ఫెక్షన్ సాధారణంగా ఒకే చోట వస్తుంది. జాలీలో గోరు చిక్కుకుని ఊడటం, క్రికెట్ పురుగు రాత్రిపూట కొరకడం, కాలిన గాయం, ఇలా ఏదో ఒక మొదలు దొరుకుతుంది. సరీసృపాల చీము నీళ్ళలా కారదు, గట్టిపడిన జున్ను ముక్కలా లోపలే ఉండిపోతుంది. అందుకే 'పుండు పగలడం లేదు కదా, చీము కాదులే' అనుకోవడం పొరపాటు.

విరిగిన ఎముక హఠాత్తుగా తెలుస్తుంది. నిన్న బాగున్న కాలు ఇవాళ వేలాడుతుంది. అయితే ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి చిన్న ఎత్తు నుంచి పడితే ఎముక తేలిగ్గా విరగదు. కారణం లేకుండా విరిగిందంటే వెనకాల ఎంబీడీ ఉందనే అనుకుని పరీక్ష చేయించాలి.

మూడో మెట్టు: ఆ రోజే చేయాల్సినవి

వేళ్ళు, కాళ్ళు అదురుతున్నా, ఒళ్ళు బిగుసుకున్నా, మూర్ఛ వచ్చినా, వెనక ద్వారం నుంచి కణజాలం బయటికి వచ్చినా, ఆడది గుడ్లు పెట్టలేక అడుగున పడి ఉన్నా రేపటి దాకా ఆగొద్దు. అదురు అంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోయిందని. అలాంటప్పుడు డాక్టరు కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇంట్లో వేసుకునేది కాదు.

మిగతా సందర్భాల్లో అపాయింట్‌మెంట్ దొరికే దాకా కేజ్ మార్చండి. ఎత్తు కొమ్మలు తీసేసి, అడుగు నుంచి జానెడు ఎత్తులో అడ్డంగా, పాదానికి సరిపడే లావు కొమ్మలు అమర్చండి. కింద మెత్తటి టవల్ పరవండి. దీపాలను కూడా ఆ మేరకు దించాలి, లేకపోతే యూవీబీ అందదు. కాకపోతే కదల్లేని ప్రాణి వేడి దీపం కిందే పడి ఉండి కాలిపోవచ్చు. దీపం దించాక థర్మామీటర్ పెట్టి దాని వీపు ఉండే ఎత్తులో వేడి ఎంతో చూడండి.

మనుషుల మందులు వేయొద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు. ఐస్‌క్రీం పుల్ల కట్టి కాలు సరిచేయబోవడం కూడా ప్రమాదం. కట్టు బిగిస్తే రక్తం ఆడక వేళ్ళు నల్లబడి రాలిపోతాయి. చేత్తో ఎత్తాల్సి వస్తే పైనుంచి పట్టుకుని లాగకండి, పొట్ట కింద అరచేయి పెట్టి దానంతటదే ఎక్కేలా చేయండి. కొమ్మను పట్టుకున్న పాదాన్ని బలవంతంగా విడదీస్తే మెత్తబడిన ఎముక అక్కడే విరగొచ్చు.

నాలుగో మెట్టు: డాక్టరు దగ్గర

కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరికీ ఊసరవెల్లి తెలియదు. అసోసియేషన్ ఆఫ్ రెప్టిలియన్ అండ్ ఆంఫీబియన్ వెటర్నేరియన్స్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ప్రాంతాల వారీగా డాక్టర్లను వెతుక్కోవచ్చు. వెళ్ళేటప్పుడు కేజ్ ఫొటోలు, యూవీబీ ట్యూబ్ పేరు, కొన్న తేదీ, వాడుతున్న పొడి డబ్బాలు, తాజా మలం తీసుకెళ్ళండి. నా దృష్టిలో ఊసరవెల్లి ఒంటి కంటే ఆ కేజ్ ఫొటోనే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

ఎక్స్‌రే అడిగి తీయించండి. ఎముక అంచులు పలచబడ్డాయా, ఎక్కడైనా పాత విరుగుళ్ళు ఉన్నాయా, కీలు తినేసిందా అనేది అందులో తెలుస్తుంది. రక్త పరీక్షలో కాల్షియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్ చూస్తారు. రక్తంలో కాల్షియం మామూలుగా వచ్చినంత మాత్రాన ఎంబీడీ లేదని కాదు, ఎముకలను అరగదీసి ఆ అంకెను నిలబెడుతున్నది ఒళ్ళే. ఫాస్ఫరస్ కాల్షియాన్ని దాటిపోతే కిడ్నీల మీద అనుమానం పెరుగుతుంది. ఉబ్బిన కీలు నుంచి సూదితో నమూనా తీసి మైక్రోస్కోపులో చూస్తే యూరేట్ స్ఫటికాలో, బ్యాక్టీరియానో తేలిపోతుంది. ఖర్చు తగ్గించుకోవాలని ఈ ఒక్క పరీక్ష వదిలేయకండి. గౌట్‌కూ ఇన్ఫెక్షన్‌కూ మధ్య తేడా నమ్మకంగా చెప్పేది ఇదే.

ఎంబీడీ అని తేలితే నోటి ద్వారా కాల్షియం సిరప్ వారాల తరబడి, అవసరాన్ని బట్టి డీ3, ఒంట్లో నీరు తగ్గితే సెలైన్, తినలేకపోతే సిరంజితో ఆహారం ఇస్తారు. కొందరు కాల్సిటోనిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది రక్తంలోని కాల్షియాన్ని తగ్గించి ఎముక కరగడాన్ని ఆపుతుంది. కాబట్టి రక్తంలో కాల్షియం మామూలు స్థాయికి వచ్చిందని పరీక్షలో తేలాకే ఇవ్వాలి, ముందే ఇస్తే ప్రాణం పోవచ్చు. రక్త పరీక్ష లేకుండా ఎవరైనా అది ఇస్తామంటే ఎందుకని అడగడానికి మొహమాట పడకండి.

గౌట్‌కి మొదటి మందు నీళ్ళే. దానితో పాటు యూరిక్ యాసిడ్ తయారీని తగ్గించే అల్లోప్యూరినాల్, నొప్పికి మందు ఇస్తారు. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు కిడ్నీలు బాగాలేనప్పుడు, నీరు తగ్గినప్పుడు హాని చేస్తాయి, అందుకని డాక్టరు ముందు నీరు సరిచేస్తారు. ఒకసారి కీలులో పేరుకున్న స్ఫటికాలు పూర్తిగా పోవడం అరుదు. ఈ జబ్బును అదుపులో పెట్టడమే వైద్యం.

కీలులో ఇన్ఫెక్షన్ అయితే అక్కడి బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్ష చేసి దానికి తగ్గ యాంటీబయాటిక్ వారాలు, నెలలు వాడాలి. గట్టి చీమును ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చు. ఎముక బాగా పాడైతే వేలో, కాలో తీసేస్తారు. భయపడాల్సిన పని లేదు, ఒక కాలు లేకుండా కొమ్మలు ఎక్కుతూ బాగా బతికే ఊసరవెల్లులు ఉన్నాయి.

విరిగిన ఎముకకు తేలికైన టేపుతో కట్టు వేసి కదలిక తగ్గిస్తారు. ఎంబీడీ ఉంటే పిన్నులు, ప్లేట్లు మెత్తటి ఎముకలో నిలవవు, ముందు కాల్షియం సరిచేయాల్సిందే. సరీసృపాల ఎముక మనుషుల ఎముక కంటే నెమ్మదిగా అతుక్కుంటుంది. నెలల లెక్క వేసుకోండి.

ఐదో మెట్టు: ఇంటిని సరిదిద్దడం

మందు ఎంత మంచిదైనా జబ్బు పుట్టిన కేజ్‌లోనే మళ్ళీ పెడితే తిరగబెడుతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది యూవీబీ. మామూలు ఎల్‌ఈడీ, వేడి బల్బు యూవీబీ ఇవ్వవు. కిటికీ గాజు గుండా వచ్చే ఎండలోనూ అది దాదాపు ఉండదు. 'కిటికీ పక్కనే పెట్టాం కదా' అన్న ధీమాతోనే ఎన్నో ఊసరవెల్లి పిల్లలు వంకర కాళ్ళతో ఆసుపత్రికి వస్తున్నాయి. మెలి తిరిగిన చిన్న బల్బులు కొంచెం మేరకే వెలుగిస్తాయి. టీ5 హెచ్‌ఓ రకం పొడుగు యూవీబీ ట్యూబు, ఆర్కేడియా కంపెనీ 6 శాతం గానీ జూమెడ్ కంపెనీ రెప్టిసన్ 5.0 గానీ తీసుకోండి. కేజ్ పైజాలీ మీద పెడితే ప్రాణి కూర్చునే కొమ్మకూ ట్యూబుకూ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉండేలా చూస్తే సాధారణంగా సరిపోతుంది. జాలీ అల్లిక, వెలుగును కిందికి తిప్పే రిఫ్లెక్టర్‌ని బట్టి ఇది మారుతుంది. సోలార్‌మీటర్ 6.5 అనే పరికరంతో కొలిస్తే వీల్డ్, పాంథర్ ఎండకాగే కొమ్మ దగ్గర యూవీ సూచిక (కిరణాల తీవ్రత చెప్పే అంకె) 3 దగ్గర ఉండాలి. రోజుకు 12 గంటలు. ట్యూబు వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి మార్చండి, పెట్టిన తేదీ దాని చివరే రాసి ఉంచండి.

నీడ కూడా ఇంతే ముఖ్యం. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ పరిశోధకులు పాంథర్ కమేలియన్ల మీద చేసిన పని 2009లో వచ్చింది. ఆహారంలో డీ3 తక్కువైనవి తమంతట తామే యూవీ కింద ఎక్కువ సేపు గడిపాయి, ఎక్కువైనవి తప్పుకున్నాయి. ఎంత కావాలో దానికి తెలుసు, ఎండా నీడా రెండూ ఉంచడం మన పని. వాతావరణం వెచ్చగా ఉంటే జాలీ కేజ్‌తో సహా బయట ఎండలో పెట్టడం అన్నిటికంటే మంచిది. కేజ్‌లో సగం నీడ, నీళ్ళు ఉండాలి. గాజు పెట్టెను మాత్రం ఎప్పుడూ ఎండలో పెట్టకండి, నిమిషాల్లో ఉడికిపోతుంది.

ఎండకాగే కొమ్మ దగ్గర వేడి పెద్ద మగ వీల్డ్‌కీ, పాంథర్‌కీ 29, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలు. ఆడ వీల్డ్‌కీ, జాక్సన్ కమేలియన్ అనే మరో జాతికీ 27 దగ్గర ఆపండి.

పొడి విషయంలో 'ఎక్కువ వేస్తే మంచిదే' అన్నది తప్పు. యూవీబీ బాగుంటే డీ3 లేని ఉత్త కాల్షియం ప్రతి మేతకూ పలచగా చల్లండి. డీ3, మల్టీవిటమిన్ ఉన్నది పదిహేను రోజులకోసారి చాలు. డీ3 మోతాదు మించితే కాల్షియం రక్తనాళాల్లో, కిడ్నీల్లో గడ్డకడుతుంది. విటమిన్ ఏ మితిమీరితే డీ3 పనికి అడ్డం పడుతుంది. పురుగులకు ముందు రోజు మంచి మేత పెట్టండి: ఆవాకు, కొల్లార్డ్ ఆకులు, చిలగడదుంప, క్యారెట్. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి, దాన్ని పక్కన పెట్టండి. బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ, వాటిని మార్చి మార్చి పెట్టవచ్చు. ఎదిగిన ఊసరవెల్లికి రోజు విడిచి రోజు మూడు నుంచి ఐదు పురుగులు చాలు. ఎంత పెట్టినా తింటూనే ఉంటుంది, అది ఆకలి అనుకుని పెడుతూ పోవద్దు.

గిన్నెలో నీళ్ళు పెడితే చాలా ఊసరవెల్లులు గుర్తించవు. ఆకుల మీద జారే చుక్కలు నాకుతాయి. తెల్లవారుజామున, రాత్రి మిస్టింగ్ (సన్నటి తుంపరలు చల్లడం) చేయండి, పగలు చుక్కచుక్కగా నీళ్ళు వదిలే డ్రిప్పర్ ఒకటి ఉంచండి. గౌట్ రాకుండా మనం చేయగలిగిన వాటిలో దీన్ని మించింది లేదు.

ఆడ వీల్డ్ ఇంట్లో ఉంటే ఒక మాట. మగది లేకపోయినా అది గుడ్లు పెడుతుంది, ఒక్కో విడతలో కొన్ని పదులు. ఆ పెంకులన్నిటికీ కావాల్సిన కాల్షియం మేతలో చాలకపోతే దాని ఎముకల నుంచే పోతుంది. మేత, వేడి తగ్గించి ఉంచితే గుడ్ల సంఖ్య తగ్గుతుంది. కనీసం 30 సెంటీమీటర్ల లోతున తడి ఇసుక నింపిన డబ్బా ఎప్పుడూ కేజ్‌లో ఉండాలి. తవ్వుకునే చోటు లేక గుడ్లు కడుపులోనే ఆగిపోయి చనిపోయేవి చాలా ఉన్నాయి.

కోలుకునే నెలల్లో

మొదట తిరిగొచ్చేది బలం. పట్టు, నాలుక, ఆకలి కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. వంగిన ఎముక ఎదిగిన ప్రాణిలో తిన్నగా కాదు, వంగిన ఆకారంలోనే గట్టిపడుతుంది. కాళ్ళు వంకరగా ఉన్నా నొప్పి లేకుండా, తిని తిరిగే ఊసరవెల్లికి మామూలు జీవితమే ఉంటుంది. దానికి తగ్గట్టు కొమ్మలు దగ్గర దగ్గరగా, గరుకుగా ఉండాలి. దవడ కలవకపోతే పురుగును గిన్నెలో పెట్టి దగ్గరికి పట్టుకోవాలి, నోట్లో పుండ్లు వస్తున్నాయేమో చూస్తూ ఉండాలి. బాగుందని అనిపించిన వెంటనే మందు ఆపేయకండి. మళ్ళీ ఎక్స్‌రే తీసి, పాత దానితో పోల్చి చూశాకే కేజ్ ఎత్తు పెంచండి.

కొన్ని కోలుకోవు. వెన్ను విరిగి వెనక కాళ్ళు పడిపోయి మలవిసర్జన కూడా ఆగిపోయినవి, గౌట్ నొప్పి మందులకు లొంగక వారాలుగా తిననివి, నోరు మూయలేక నాలుక ఎండిపోయేవి అలాంటివి. అప్పుడు నొప్పి లేకుండా సాగనంపడం గురించి డాక్టరుతో సూటిగా మాట్లాడండి, పిల్లలకూ ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫ్రీజర్‌లో పెడితే నిద్రలో పోతుందని కొందరు చెబుతారు. అది నిజం కాదు, చాలా బాధాకరమైన చావు. ఆ పని డాక్టరు ఇంజెక్షన్‌తోనే జరగాలి.